సామాను చూసి రాసిన కారణం

సామాను చూసి మనిషి కథ చెప్పేయగలనని నాకు ఒకప్పుడు మహా పొగరు. మలేషియాలో ఉత్తరాన సరిహద్దు దగ్గర ఒక చిన్న బస్ స్టేషన్‌లో మడత కుర్చీ వేసుకొని, ఒళ్ళో అట్ట పెట్టుకొని కూర్చునేదాన్ని. ఒక్క సంచి భుజాన వేసుకొని వస్తే పని వెతుక్కుంటున్నాడు. ఎక్స్‌రే కవరు చంకలో ఉంటే ఆసుపత్రికి. మిఠాయి డబ్బా గుడ్డలో చుట్టి పట్టుకుంటే చుట్టాలింటికి. వాళ్ళు నోరు తెరవకముందే నా పెన్ను సరైన గడి దగ్గరికి వెళ్ళిపోయేది. అడిగి చూస్తే పదింట తొమ్మిదిసార్లు నేననుకున్నదే నిజమయ్యేది. ఇది ఆ పదోసారి సంగతి.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చేతిలో టాబ్లెట్ ఉంటుంది. సైబర్‌జయలో ఉద్యోగం చేసే నా మేనకోడలు ఇలాంటి లెక్కల్నే తెర మీద రంగురంగుల బాణాలుగా మారుస్తుంది. మొన్న ఇంటికొచ్చినప్పుడు చూపించింది. పచ్చ బాణం వచ్చినవాళ్ళట, ఎర్ర బాణం తిరిగి వెళ్ళిపోయినవాళ్ళట. "నా కాలంలో ఒక ఎర్ర బాణం నేను అబద్ధంగా గీశానే" అంటే నమ్మలేదు. కూర్చోబెట్టి చెప్పాను. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మా సంస్థ చిన్నది. బర్మాలో ఇల్లూ ఊరూ పోగొట్టుకొని మలేషియాలో తలదాచుకున్న కుటుంబాలకు సాయం చేసేది. ఆ కుటుంబాలు ఎటు కదులుతున్నాయి, ఎందుకు కదులుతున్నాయి అన్నది తెలిస్తే మందులు ఎక్కడికి పంపాలో, బడి ఎక్కడ పెట్టాలో తెలుస్తుందని మమ్మల్ని బస్ స్టేషన్లలో కూర్చోబెట్టారు. ఫారంలో మేమిచ్చిన సాయం కార్డు నంబరు, వెంట ఎవరున్నారు, ప్రయాణ కారణం, తిరిగి వస్తారా రారా అన్న ప్రశ్నలుండేవి. కారణానికి ఏడు గడులు. వాటి కింద ఒక ఖాళీ గీత, "వారి మాటల్లో" అని. ఆ గీత మీద ఎవరూ ఏమీ రాసేవారు కాదు. నేను మరీనూ.

నాకొక జబ్బు కూడా ఉండేది. వచ్చినవాళ్ళను ఎన్నయినా అడిగేదాన్ని గానీ, వెళ్ళేవాళ్ళను "ఎక్కడికి" అని అడగడానికి నోరు వచ్చేది కాదు. మాది సుంగై సుమున్ వైపు. తాతలు ఎస్టేట్‌లో పనిచేయడానికి విశాఖ జిల్లా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. మా అమ్మ దేన్నైనా క్షమిస్తుంది గానీ, బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే మాత్రం ఊరుకోదు. "ఓలమ్మా, అడిగేసినావేటే! పనవుద్దేటింక?" అని ఆ మనిషిని మళ్ళీ ఇంట్లోకి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి పంపేది. చిన్నప్పుడు మా నాన్నను అలా మూడుసార్లు వెనక్కి పిలిపించి వీపు మీద దెబ్బలు తిన్నాను. అలాంటిదాన్ని, బస్సెక్కే వాళ్ళను ఆపి ఎక్కడికి, ఎందుకు అని అడిగే ఉద్యోగం వచ్చింది చూడండి నాకు! అందుకే వెళ్ళేవాళ్ళ దగ్గర "దూరమా?" అని నవ్వేసి, కార్డు నంబరు రాసుకొని, మిగతాది సామాను చూసి నింపేసేదాన్ని.

మా పైఅధికారి మలయ్ పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు. ఆయన పద్ధతి వేరు. అడగాలి, రాయాలి, రాసింది వాళ్ళకే చదివి వినిపించాలి. ఒక్కో కుటుంబానికి పావుగంట. బస్సు హారన్ కొడుతున్నా, డ్రైవర్ తిడుతున్నా ఆయన గొంతు సవరించుకొని మొదటి గడి నుంచీ చదివేవాడు. నేను ఆయన కూర్చున్న బల్ల వైపు చూసి నవ్వుకునేదాన్ని. ఆయన రోజుకు పన్నెండు ఫారాలు చేస్తే నేను నలభై చేసేదాన్ని. ఆ ఏడాది చివర నన్ను జట్టు పెద్దను చేస్తారని అందరూ అనుకుంటున్నారు. నేనూ అనుకుంటున్నాను, అబద్ధమెందుకు.

మా వాన్ నడిపే అతను హుటాన్ మెలింటాంగ్ నుంచి వచ్చిన తెలుగువాడే. నాకన్నా పదేళ్ళు చిన్న. నన్ను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేవాడు. తెలుగులో మొదలుపెట్టి తమిళంలోకి వెళ్ళి మలయ్ "లా"తో ముగించడం అతని అలవాటు. మేం పనిచేస్తుంటే వాన్‌కు ఆనుకొని నిలబడి వచ్చేపోయేవాళ్ళను చూస్తుండేవాడు.

ఆ రోజు శుక్రవారం. పది గంటల బస్సుకు ఒక ఆమె వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. వెంట ఎనిమిది తొమ్మిదేళ్ళ ఆడపిల్ల, తల్లి పైట చెంగులా ఆమె చొక్కా అంచును గుప్పిట పట్టుకొని నడుస్తోంది. సామాను చూద్దును గదా, రైస్ కుక్కర్, చుట్టిన చాప, కొత్త దుప్పటి, ప్లాస్టిక్ బకెట్ నిండా గిన్నెలు. ఒకతను అవన్నీ బస్సులోకి ఎక్కించి దిగాడు. సరిహద్దు వైపు వెళ్ళే బస్సు అది. కుక్కర్ సహా కట్టుకొని పోతుంటే ఇంకా అడిగేదేముంది?

"దూరమా?" అన్నాను మలయ్‌లో.

"నది దాకా, కక్" అందామె. కక్ అంటే వాళ్ళకూ మాకూ అక్క. పిల్లలైతే మక్చిక్ అంటారు, పిన్ని అని.

నేను కార్డు నంబరు రాసుకున్నాను. కారణం దగ్గర "శాశ్వత తిరుగు ప్రయాణం" గడిలో టిక్కు పెట్టాను. తిరిగి వస్తారా అన్నచోట "రారు". ఆమె ఇంకా నా ముందే నిలబడి ఉంది, నేను మరేదైనా అడుగుతానేమోనని. నేను చేత్తో బస్సు చూపించాను.

బస్సు కదిలాక మా వాన్ నడిపే తమ్ముడు దగ్గరికొచ్చాడు. "అప్పా, సామానెక్కించినోడు ఆమి మొగుడే గదా. ఆడు బస్సెక్కనేదు లా. దిగేసి పనిలోకి ఎల్లిపోనాడు, బూట్లతోటి."

"తర్వాత వెళ్తాడులే."

"కుక్కర్ ముందెల్లి, మొగుడు తరవాత ఎల్తాడేటి?"

"నీకు బండి నడపమని చెప్పారా, ఫారాలు నింపమని చెప్పారా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, అన్నాను. అతను భుజాలెగరేసి వెళ్ళిపోయాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి పెద్దాయన కబురు పెట్టాడు. వెళ్ళేసరికి ఆ రోజు బస్సెక్కిన ఆమే ఆయన బల్ల ముందు కుర్చీలో కూర్చొని ఉంది. పక్కన ఆ పిల్ల. అప్పుడు మొదటిసారి దాని కళ్ళు దగ్గరగా చూశాను. రెండు నల్లగుడ్ల మీదా తెల్లగా పొర. రెండేళ్ళుగా శుక్లాలు కమ్ముకొస్తున్నాయట. వెలుగూ నీడా, దగ్గరగా పెడితే రంగులూ తెలుస్తాయి, అంతే. అందుకే ఆ రోజు తల్లి చొక్కా పట్టుకొని నడిచింది.

విషయం ఏమిటంటే, మా సంస్థ బయటి డాక్టర్లను పిలిపించి రెండు గంటల దూరంలోని పట్టణంలో కంటి ఆపరేషన్లు చేయిస్తోంది. డాక్టర్లు ఉండేది నాలుగు రోజులు. ఈ పిల్ల పేరు ఏడు నెలల కిందటే జాబితాకెక్కింది. ఆ పొద్దున తల్లి చీటీ పట్టుకొని వెళితే, పేరు లేదన్నారట. దేశం వదిలి వెళ్ళిపోయారని మా ఫారం చూసి ఆమె కార్డు మూసేశారు. ఆ చోటు తర్వాతి పిల్లాడికి ఇచ్చేశారు. ఆమె అక్కడ నిలబడి "నేనిక్కడే ఉన్నాను, ఇదిగో" అని తన చేతిని తానే పట్టుకొని చూపించిందట. డాక్టర్లు మర్నాడు సాయంత్రానికి వెళ్ళిపోతారు. మళ్ళీ ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. ఆలస్యమైతే చూపు నిలవడం కష్టమని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

పెద్దాయన నా మీద అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నేను నింపిన ఫారం తీసి నా ముందు పెట్టాడు.

"చదివి వినిపించు" అన్నాడు.

చదివాను. కార్డు నంబరు. వెంట ఒక ఆడపిల్ల. ఇంటి సామాను మొత్తం తీసుకెళుతున్నారు. కారణం, శాశ్వత తిరుగు ప్రయాణం. తిరిగి రారు. నా గొంతు నాకే వినిపించడం లేదు. గట్టిగా చదవమన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఆమె తల వంచి శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక, "ఇది ఎవరి గురించి, కక్?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగింది.

అప్పుడు అడిగాను, మూడు వారాల కిందట అడగాల్సింది. "ఆ రోజు ఎక్కడికి వెళ్ళావమ్మా? ఎందుకు వెళ్ళావు?"

ఆమె చెప్పింది. వాళ్ళమ్మను చూసి పదకొండేళ్ళయింది. ఊరు తగలబడ్డ రోజున చెరో దిక్కుకు పోయారు. ముసలామె ఎవరెవరి వెంటో తిరిగి తిరిగి ఈ మధ్యే సరిహద్దు నదికి అవతలి ఒడ్డున, పక్క దేశంలోని దూరపు బంధువుల దగ్గరకు చేరింది. ఆమె ఇటు రాలేదు, ఈమె అటు పోలేదు. ఇద్దరికీ కాగితాలు లేవు. నది పెద్దది కాదు, గట్టిగా పిలిస్తే వినబడుతుంది. అమ్మ ఫోన్‌లో ఒక్కటే అడిగిందట, నీ చేతి అన్నం తినాలని ఉందే అని.

"అందుకని కుక్కర్ పట్టుకెళ్ళాను" అందామె. "ఒడ్డున టీ కొట్టు మక్చిక్ కరెంటు ఇచ్చింది. అన్నం, ఎండు చేపల పులుసు వండాను. అటూ ఇటూ తిరిగే పాస్ ఉన్న కూరగాయల అతని చేతికిచ్చి పంపాను. చాప, దుప్పటి, గిన్నెలు కూడా అమ్మకే. ఆమెకు కింద పరుచుకోవడానికి ఏమీ లేదు, కక్. అమ్మ ఆ ఒడ్డున కూర్చొని తింది. మేం ఈ ఒడ్డున కూర్చున్నాం. సాయంత్రం బస్సుకు వచ్చేశాం."

ఆ పిల్ల నా గొంతు వినబడ్డ వైపు తల తిప్పింది. "అమ్మమ్మ నవ్వుతూ తింది" అంది నాతో. "నాకు కనబడలేదు. అమ్మ చెప్పింది."

నేను ఏడ్చాను. ఆఫీసులో, పైఅధికారి ముందు, ముక్కు చీదుతూ ఏడ్చాను. ఆమే లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. తప్పు చేసింది నేను, ఓదార్పు ఆమెది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

పెద్దాయన ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఇంకో పిల్లాడికి ఇచ్చిన చోటు వెనక్కి తీసుకోకూడదని ముందే చెప్పాడు. నర్సు అటూ ఇటూ కనుక్కొని వచ్చి, మర్నాడు మధ్యాహ్నం పన్నెండులోగా సరిదిద్దిన కాగితంతో పిల్లను తీసుకొస్తే చివర్లో ఒకరిని అదనంగా చేస్తామని డాక్టరు ఒప్పుకున్నట్టు చెప్పింది. ఒక కన్నుకే సమయం ఉంటుందట. ఒక కన్ను చాలు అంది తల్లి, రెండు చేతులూ జోడించి, ఫోన్‌కు.

కార్డు తెరవాలంటే ఫారం నింపిన మనిషి తన తప్పేమిటో స్వయంగా రాసివ్వాలి. పెద్దాయన తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. మొదట తెలివితేటలు చూపించాను. రద్దీ ఎక్కువగా ఉండటం వలన, సమయాభావం వలన... ఆయన చదివి ఇంకో తెల్లకాగితం ఇచ్చాడు. అప్పుడు రాశాను. "నేను అడగలేదు. సామాను చూసి రాశాను. చదివి వినిపించలేదు." ఆ మూడు వాక్యాలతో జట్టు పెద్ద ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. పోయింది కూడా. సరిదిద్దిన ఫారంలో "బంధువులను కలవడం" గడిలో టిక్కు పెట్టి లేవబోతే, ఆయన వేలితో కింది ఖాళీ గీత చూపించాడు. అక్కడ రాశాను: "మా అమ్మకు అన్నం వండి పెట్టడానికి."

ఇంటికి వెళితే అమ్మ బెండకాయలు తరుగుతోంది. అప్పట్లో నాతోనే ఉండేది. "ఏటే అలగున్నావు? ఒంట్లో బాగోనేదేటి?" అంది. మొత్తం చెప్పాను. చెప్పి, కాస్త ఆమె మీదికీ నెట్టాను. "ఎల్లేవోళ్ళని అడగొద్దని నువ్వే గదా నేర్పినావు!"

అమ్మ కత్తి పక్కన పెట్టింది. "అడగొద్దన్నాను గానీ, సూసేసి సెప్పీమన్నానేటే? మీ నాన్నని ఎనక్కి పిలిసి కూసోబెట్టీదాన్ని గదా, అప్పుడు మంచినీల్లిచ్చి నెమ్మదిగ అన్నీ కనుక్కునీదాన్ని. అది నీకు కనపడనేదేటి?" అంది. ఇన్నేళ్ళుగా నేను చూసింది సగమేనని అప్పుడు తెలిసింది. "ఆ పిల్లకేటైనా అయితే నీ మొకం నాను సూడను" అని కూడా అంది, బెండకాయలు మళ్ళీ అందుకుంటూ.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు వాన్ తీశాడు. తల్లీ పిల్లా వెనక, నేను ముందు సీట్లో కాగితం కవరు గుండెలకు అదుముకొని. దారిలో వాన, చెట్టు పడి ఒకచోట అరగంట ఆగిపోయాం. నేను గడియారం చూస్తుంటే తమ్ముడు, "సూడకప్పా, నువ్వు సూత్తే ఆగుద్దేటది? నాను ఎలిపోతాను లా" అన్నాడు. నేను ఆ రోజు అతన్ని ఎగతాళి చేసినందుకు క్షమించమన్నాను. "ఏ రోజు?" అన్నాడు. మరిచిపోలేదని తెలుసు. మంచివాడు. పదకొండు ముప్పావుకు ఆసుపత్రి గుమ్మంలో దింపాడు.

సాయంత్రం అయిదింటికి పిల్లను కుడి కంటికి కట్టుతో బయటికి తెచ్చారు. మర్నాడు కట్టు విప్పినప్పుడు నేను లేను, బస్ స్టేషన్‌లో నా కుర్చీలో ఉన్నాను. తల్లి ఫోన్ చేసి పిల్ల నర్సు చొక్కా మీద గుండీలు లెక్కపెడుతోందని చెప్పింది.

ఆ తర్వాత నా ఫారాలు రోజుకు పదిహేనుకు పడిపోయాయి. వెళ్ళేవాళ్ళను ముందు కూర్చోమనేదాన్ని. మంచినీళ్ళ సీసా ఇచ్చేదాన్ని. తాగాక అడిగేదాన్ని. రాసింది మొదటి గడి నుంచీ చదివి వినిపించేదాన్ని. బస్సు హారన్ కొడితే పెద్దాయన తన బల్ల దగ్గర్నుంచి నా వైపు చూసి మీసాల్లో నవ్వుకునేవాడు. నవ్వుకోనీ, ఆయన వంతు అది.

రెండు నెలల తర్వాత మళ్ళీ ఒక శుక్రవారం వాళ్ళు వచ్చారు. కుక్కర్, ఈసారి ఒక గొడుగు కూడా. పిల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. తల్లి చొక్కా పట్టుకోలేదు, ముందు నడిచి వచ్చింది. నీళ్ళిచ్చి కూర్చోబెట్టి అడిగాను. తల్లి మళ్ళీ అన్నం కోసమే అంది. రాసుకున్నాను. పిల్ల నా అట్ట మీదికి వంగి, "నాది వేరే కారణం, రాయండి" అంది.

"నీదేంటి?"

"అమ్మమ్మను చూడ్డానికి."

ఖాళీ గీత మీద చోటు సరిపోలేదు. అంచున రాశాను. తిరిగి వస్తారా అన్న గడి మాత్రం టిక్కు పెట్టకుండా వదిలాను. సాయంత్రం బస్సుకు వచ్చాక పెడతానన్నాను.

ఆరు గంటల బస్సు దిగారు. తల్లి కుక్కర్ గిన్నె కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. పిల్ల వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"అమ్మమ్మ కనబడిందా?" అని అడిగాను.

"కనబడింది. జుట్టంతా తెలుపే. ఎవరో గొడుగు పట్టారు. నాకు చెయ్యి ఊపింది." కాసేపు కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. తర్వాత కుళాయి వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది. "మక్చిక్, అమ్మమ్మ ఏడుస్తూ తింది. ముద్ద పెట్టుకుంటోంది, చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంటోంది, మళ్ళీ తింటోంది."

నేను మంచినీళ్ళ సీసా దాని చేతికిచ్చాను.

"అమ్మ మాత్రం నవ్వుతూ తింటోంది చూడు అంది. కిందటిసారీ అలాగే చెప్పింది."

"మరి నువ్వేమన్నావు?"

"అవునమ్మా, నవ్వుతోంది అన్నాను" అంది. "మీరు రాయకండి."

తల్లి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను ఫారం తీసి పద్ధతి ప్రకారం చదివి వినిపించాను. కార్డు నంబరు. వెంట ఒక ఆడపిల్ల. కారణం, మా అమ్మకు అన్నం వండి పెట్టడానికి. పిల్ల కారణం, అమ్మమ్మను చూడ్డానికి. తిరిగి వచ్చారు.

"అంతా సరిగ్గా ఉందా?" అని అడిగాను.

"సరిగ్గా ఉంది, కక్" అంది తల్లి.

పిల్ల కళ్ళద్దాల వెనక నుంచి నా వైపే చూస్తోంది. నేను పెన్నుకు మూత పెట్టేశాను.